ఉప్పునీటి రొయ్యల చెరువులో నత్రజని చక్రం: అమ్మోనియా అంకెను క్షారతతో కలిపి చదవవలసిన అవసరం

వరి సాగు చేసిన పొలాన్ని రొయ్యల చెరువుగా మార్చినప్పుడు ఆ నేలకు చేరే నత్రజని ఎంత పెరుగుతుందో లెక్క కట్టి చూడటం వ్యవసాయ విద్యార్థులకు మంచి అభ్యాసం. సార్వా వరికి ఎకరాకు సుమారు 40 కిలోల నత్రజనిని, అదీ రెండు మూడు దఫాలుగా, సిఫారసు చేస్తారు. అదే ఎకరా చెరువులో వనామి రొయ్య 2 టన్నుల దిగుబడి ఇచ్చిందనుకుంటే, కిలో రొయ్యకు కిలోన్నర మేత చొప్పున 3 టన్నుల మేత పడి ఉంటుంది. మేతలో మాంసకృత్తులు 35 శాతమైతే నత్రజని 5.6 శాతం, అంటే మొత్తం 168 కిలోలు. పట్టుబడిలో రొయ్యల శరీరంతో పాటు బయటకు వెళ్లేది సుమారు 58 కిలోలు. మిగిలిన 110 కిలోలు నాలుగు నెలల వ్యవధిలో చెరువు నీటిలోను, అడుగు బురదలోను మిగిలిపోతాయి. వరికి వేసిన మొత్తానికి ఇది రెండున్నర రెట్లకు పైమాటే. ఇక్కడ ఈ నత్రజనిని తీసుకునే పైరు లేదు.

నీటిలోతు 1.2 మీటర్లున్న ఎకరా చెరువులో సుమారు 48.5 లక్షల లీటర్ల నీరు ఉంటుంది. పై 110 కిలోలు పూర్తిగా అమ్మోనియా రూపంలో నీటిలోనే నిలిచి ఉంటే లీటరుకు 22 మిల్లీగ్రాములు దాటాలి. ఆ స్థితిలో ఏ రొయ్యా బతకదు. అయినా సవ్యంగా నడిచే చెరువుల్లో మొత్తం అమ్మోనియా సాధారణంగా లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించదు. మిగిలినదంతా ఎటు వెళ్లింది, ఏ రూపంలోకి మారింది, ఆ మార్పు నీటి నుండి ఏమి ఖర్చు చేయించింది అన్న ప్రశ్నలకు సమాధానం తెలియకుండా ప్రయోగశాల నివేదికలోని ఒక్క అంకెను చూసి చెరువుకు మందు రాయడం తరచుగా నష్టం కలిగిస్తున్నది. తీరాంధ్ర జిల్లాల్లో 2009 తర్వాత వనామి సాగు విస్తరించి, సాంద్రత పెరిగిన కొద్దీ ఈ నష్టం కూడా పెరిగింది.

ఒకే అమ్మోనియా, రెండు రూపాలు

రొయ్య తాను విసర్జించే నత్రజనిలో అధిక భాగాన్ని మొప్పల ద్వారా నేరుగా అమ్మోనియాగానే వదులుతుంది. తినకుండా మిగిలిన మేత, విసర్జితాలు, చచ్చిన నాచు కుళ్లి మరికొంత అమ్మోనియా చేరుతుంది. నీటిలో ఈ అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ధనావేశం గల అమ్మోనియం అయాన్ మొప్పల పొరను అంత సులువుగా దాటదు. అయనీకరణం చెందని అమ్మోనియా వాయువు సులువుగా దాటుతుంది. హాని ప్రధానంగా ఈ రెండవదానిదే. ఈ రెండింటి నిష్పత్తిని నిర్ణయించేది నీటి ఉదజని సూచిక, ఉష్ణోగ్రత. కొద్ది మేరకు లవణీయత.

30 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఉప్పు తక్కువగా ఉన్న నీటిలో ఉదజని సూచిక 7.5 అయితే మొత్తం అమ్మోనియాలో హానికర రూపం సుమారు 2.5 శాతమే. సూచిక 8.0 చేరితే 7.4 శాతం, 8.5 వద్ద 20 శాతం, 9.0 వద్ద దాదాపు 45 శాతం. సముద్రపు లవణీయత గల నీటిలో ఈ శాతాలు కొంచెం తగ్గుతాయి గాని, పెరిగే తీరు మారదు.

దీని ఆచరణాత్మక ఫలితం గమనించదగినది. నాచు దట్టంగా ఉన్న చెరువులో తెల్లవారుజామున ఉష్ణోగ్రత 28 డిగ్రీలు, ఉదజని సూచిక 7.8 ఉన్నాయనుకుందాం. మొత్తం అమ్మోనియా నత్రజని లీటరుకు 1 మిల్లీగ్రాము. అప్పుడు హానికర రూపం 0.04 మిల్లీగ్రాములు మాత్రమే. ఎండ ఎక్కిన తర్వాత నాచు కిరణజన్య సంయోగక్రియ కోసం నీటిలోని బొగ్గుపులుసు వాయువును లాగేసుకుంటుంది. మధ్యాహ్నం మూడు గంటలకు సూచిక 8.8కి, ఉష్ణోగ్రత 32 డిగ్రీలకు చేరితే అదే 1 మిల్లీగ్రాములో హానికర భాగం 0.37 అవుతుంది. అమ్మోనియా ఒక్క చుక్క పెరగకుండానే విషప్రభావం తొమ్మిది రెట్లు పెరిగింది. తైవాన్‌లో లిన్, చెన్ 2001లో వనామి పిల్లలపై జరిపిన పరిశోధనలో 15 పీపీటీ లవణీయత వద్ద అయనీకరణం చెందని అమ్మోనియా నత్రజనికి సురక్షిత పరిమితిని లీటరుకు 0.12 మిల్లీగ్రాములుగా అంచనా వేశారు. మధ్యాహ్నపు విలువ దానికి మూడు రెట్లు. అది కొన్ని గంటలే ఉంటుంది కనుక రొయ్యలు వెంటనే చావకపోవచ్చు. మేత తగ్గిస్తాయి, కుబుసం విడిచే సమయంలో కొన్ని రాలిపోతాయి, రోగకారక విబ్రియోలకు తేలికగా లొంగుతాయి. రైతు మరునాడు ఉదయం సీసాలో నీళ్లు పట్టి ప్రయోగశాలకు తీసుకువస్తే నివేదిక చెరువు బాగానే ఉందంటుంది.

అందువల్ల నమూనా సేకరించిన గంట, ఆ క్షణాన చెరువు గట్టు మీదే కొలిచిన ఉదజని సూచిక, ఉష్ణోగ్రత లేని అమ్మోనియా నివేదికకు విలువ చాలా తక్కువ. మరో చిక్కు కొలమానాలది. కొన్ని నివేదికలు అమ్మోనియా నత్రజనిని, కొన్ని అమ్మోనియానే ఇస్తాయి. రెండింటి మధ్య తేడా 1.2 రెట్లు కనుక దాన్ని ఉపేక్షించవచ్చు. నైట్రైట్ విషయంలో అది కుదరదు. నైట్రైట్ నత్రజని 1 మిల్లీగ్రాము అంటే నైట్రైట్ 3.3 మిల్లీగ్రాములు. ఏది కొలిచారో రాయని నివేదికను పట్టుకుని పరిమితి దాటిందని భయపడటం గాని, దాటలేదని ధైర్యపడటం గాని తగదు. ఉప్పునీటిలో నెస్లర్ ద్రావణంతో చేసే పరీక్షలో మెగ్నీషియం, కాల్షియం అవక్షేపమై నీరు మసకబారి రంగు తప్పుగా కనిపిస్తుంది కనుక శాలిసిలేట్ పద్ధతి మేలు.

నత్రీకరణ: ఆలస్యంగా మొదలయ్యే పని

అమ్మోనియా నైట్రేట్‌గా మారడం సూక్ష్మజీవుల పని అని మొదట తేల్చినది 1877లో ఫ్రాన్సుకు చెందిన ష్లోయిసింగ్, మ్యూంట్జ్. వారు మురుగునీటిని ఇసుక, సున్నపురాతి పొడి నింపిన పొడవైన గొట్టం గుండా మెల్లగా పంపారు. తొలి 20 రోజులు అమ్మోనియా చెక్కుచెదరలేదు. ఆ తర్వాత నైట్రేట్ కనిపించడం మొదలైంది. క్లోరోఫాం ఆవిరి పంపగానే ఆగిపోయింది. తోటమట్టి కడిగిన నీళ్లు పోశాక మళ్లీ మొదలైంది. రోథాంస్టెడ్‌లో వారింగ్టన్ ఇది రెండు దశల్లో జరుగుతుందని చూపగా, 1890లో వినోగ్రాడ్‌స్కీ ఆ సూక్ష్మజీవులను వేరుచేయగలిగారు. ఇవి నేల రసాయన శాస్త్ర పాఠాలే అయినా, గాజు తొట్టెలో సముద్రజీవులను పెంచేవారు కొత్త తొట్టెకు కొన్ని వారాలు గడువు ఇవ్వడానికి కారణం ఆ 20 రోజుల జాప్యమే. మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది, చివరకు నైట్రేట్ పేరుకుంటుంది. ఆ తర్వాతనే చేపలను పూర్తి సంఖ్యలో వదులుతారు.

ఉప్పునీటి తొట్టెలు ఈ శాస్త్రానికి తిరిగి ఇచ్చినదీ తక్కువేమీ కాదు. అమ్మోనియాను ఆక్సీకరించే పని బాక్టీరియాకే పరిమితమన్న నమ్మకం, ఆర్కియా వర్గపు జీవి కూడా ఆ పని చేస్తుందని 2005లో తేలడంతో సడలింది. ఆ జీవిని శాస్త్రజ్ఞులు వేరుచేసింది అమెరికాలోని సియాటిల్ అక్వేరియంలో ఉష్ణమండల సముద్రజీవుల తొట్టె నుండి. రెండు దశలనూ ఒకే బాక్టీరియా చేయగలదన్న 2015 నాటి ఫలితాల్లో ఒకటి చేపల పెంపక వ్యవస్థలోని వడపోత నుండి వచ్చింది.

రొయ్యల చెరువుకు తొట్టెతో తేడా ఒకటుంది. జీవభద్రత కోసం ప్రతి పంటకు ముందు నీటిని బ్లీచింగ్ పౌడరుతో శుద్ధి చేస్తారు. వైరస్‌ను మోసుకొచ్చే జీవులతో పాటు నత్రీకరణ జీవులు కూడా చాలావరకు నశిస్తాయి. అంటే ప్రతి పంటా కొత్త తొట్టెలాగే మొదలవుతుంది. ఇతర బాక్టీరియా అరగంటలోపు రెట్టింపు కాగలిగిన చోట నత్రీకరణ జీవులకు చాలా గంటలు, ఒక్కోసారి ఒక రోజు పడుతుంది. పైగా అవి ఉపరితలాలకు అంటుకుని పెరిగే జీవులు. ఇసుక రేణువులు, గట్టు పరదాలు, నీటిలో తేలే రేణుగుచ్ఛాలు వాటి నివాసాలు. రెండవ దశ చేసే బాక్టీరియా మొదటి దశ వాటికంటే వెనుకబడి పెరుగుతుంది. మేత పరిమాణం వేగంగా పెరిగే రెండవ నెలలో ఈ వెనుకబాటు నైట్రైట్ నిల్వగా బయటపడుతుంది.

ఖర్చయ్యే క్షారత

నత్రీకరణ గురించి చెప్పేటప్పుడు సాధారణంగా వదిలివేసే అంశం దాని ఖర్చు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి 4.57 గ్రాముల ప్రాణవాయువు కావాలి. అదే సమయంలో విడుదలయ్యే ఆమ్లం, కాల్షియం కార్బొనేట్ పరిభాషలో 7.14 గ్రాముల క్షారతను తినేస్తుంది. ఈ రెండవ సంఖ్యను విస్తరణ సిబ్బంది కంఠస్థం చేయడం మంచిది. చెరువులో రోజుకు లీటరుకు 1 మిల్లీగ్రాము నత్రజని చొప్పున పది రోజులు నత్రీకరణ చెందితే క్షారత 71 మిల్లీగ్రాములు తగ్గుతుంది. పంట మొదట్లో 150 ఉన్న చెరువులో సగానికి సగం మిగులుతుంది. కుబుసం విడిచిన రొయ్య కొత్త పెంకు గట్టిపరచుకోవడానికి తీసుకునే కాల్షియం, బైకార్బొనేట్ దీనికి అదనం. పెద్ద వాన పడితే పలుచబడటం వల్ల మరికొంత పోతుంది. ష్లోయిసింగ్ గొట్టంలో సున్నపురాయి పొడి లేకపోతే ఆ ప్రయోగం ఎక్కువ రోజులు సాగి ఉండేదా అన్నది సందేహమే.

క్షారత తగ్గడం రెండు విధాల దెబ్బతీస్తుంది. నత్రీకరణ జీవులకు కర్బనం బైకార్బొనేట్ నుండే రావాలి కనుక వాటి పని మందగించి అమ్మోనియా, నైట్రైట్ నిలుస్తాయి. నీటికి ఆమ్ల, క్షార మార్పులను తట్టుకునే శక్తి పోయి ఉదజని సూచిక ఉదయం మరీ కిందికి, మధ్యాహ్నం మరీ పైకి ఊగుతుంది. మధ్యాహ్నపు ఊపు పైన చెప్పుకున్న 8.8 వంటి అంకెలకు దారితీస్తుంది. కాబట్టి అమ్మోనియా సమస్య అని నివేదిక చూపే చాలా సందర్భాల్లో అంతకు రెండు వారాల ముందే క్షారత పట్టికలో ఆ సమస్య కనిపిస్తూనే ఉంటుంది.

క్షారతను తిరిగి నింపడానికి వాడే పదార్థాన్ని ఎంచుకోవడంలో పొరపాట్లు ఎక్కువ. పొడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, ఉదజని సూచికను ఒక్కసారిగా పెంచుతుంది. అమ్మోనియా ఎక్కువగా ఉన్న చెరువులో మధ్యాహ్నం దానిని చల్లితే హానికర రూపాన్ని చేతులారా పెంచినట్లే. వ్యవసాయ సున్నపురాతి పొడి, డోలమైట్ ఆ ప్రమాదం చేయవు గాని, నీటి సూచిక 8.3 దాటి ఉన్నప్పుడు దాదాపు కరగవు. అడుగున చేరి ఉండిపోతాయి. రాత్రిపూట, అంటే సూచిక తక్కువగా ఉన్నప్పుడు, ఇవి కొంత ఉపయోగపడతాయి. సోడియం బైకార్బొనేట్ వెంటనే కరిగి, సూచికను అంతగా కదిలించకుండా క్షారతను ఇస్తుంది. దాని లెక్క మాత్రం రైతుకు ముందే చెప్పాలి. పై ఎకరా చెరువులో క్షారతను 50 మిల్లీగ్రాములు పెంచడానికి సుమారు 400 కిలోలు కావాలి. పది కిలోలు చల్లి ఫలితం రాలేదనుకోవడం సరికాదు. ఆ మోతాదుతో పెరిగేది ఒకటిన్నర మిల్లీగ్రాముల లోపే.

నైట్రైట్, క్లోరైడ్ పోటీ

నైట్రైట్ రొయ్య శరీరంలోకి ప్రవేశించేది మొప్పల్లో క్లోరైడ్ ప్రవేశించే దారి గుండానే. నీటిలో క్లోరైడ్ పుష్కలంగా ఉంటే నైట్రైట్‌కు చోటు దొరకదు. 35 పీపీటీ సముద్రపు నీటిలో లీటరుకు 19 గ్రాములకు పైగా క్లోరైడ్ ఉండగా, 3 పీపీటీ బోరు నీటిలో అది 1.6 గ్రాములకు అటూఇటూగా ఉంటుంది. అదే లిన్, చెన్ 2003లో ప్రకటించిన ఫలితాల్లో వనామి పిల్లలకు నైట్రైట్ నత్రజని సురక్షిత పరిమితి 35 పీపీటీ వద్ద లీటరుకు 25.7 మిల్లీగ్రాములు, 25 పీపీటీ వద్ద 15.2, 15 పీపీటీ వద్ద 6.1. సముద్రానికి దూరంగా, 3 నుండి 5 పీపీటీ నీటితో సాగుచేసే చెరువుల్లో పరిమితి ఇంకా దిగువనే ఉంటుందని గ్రహించాలి. తీరంలోని చెరువుకు నిరపాయమైన 4 మిల్లీగ్రాముల నైట్రైట్ లోతట్టు చెరువులో పంటను దెబ్బతీయవచ్చు. అన్ని చెరువులకు ఒకే పరిమితిని ముద్రించిన కరపత్రాల వల్ల మేలు కంటే గందరగోళమే ఎక్కువ. లోతట్టు చెరువుల్లో నైట్రైట్ పెరిగినప్పుడు ముడి ఉప్పు వేయడానికి ఈ పోటీయే శాస్త్రీయ ఆధారం.

అడుగు బురద: వరి మడి నేర్పిన పాఠం

నీటిముంపు వరి నేల గురించి చదివిన వారికి చెరువు అడుగు కొత్తది కాదు. పైన కొద్ది మిల్లీమీటర్ల ఆక్సీకృత పొర, దాని కింద ప్రాణవాయువు లేని నల్లటి పొర. పై పొరలో ఏర్పడిన నైట్రేట్ కింది పొరకు దిగి, వినత్రీకరణ చెంది నత్రజని వాయువుగా గాలిలో కలుస్తుంది. వరి రైతుకు ఇది ఎరువు నష్టం. రొయ్యల రైతుకు ఇది లాభం. 110 కిలోల్లో కొంత భాగం ఖర్చు లేకుండా బయటకు పోతుంది, నత్రీకరణ తిన్న క్షారతలో సగం వరకు తిరిగి వస్తుంది.

ఒక తేడా మాత్రం ప్రాణాంతకమైనది. ప్రాణవాయువు అయిపోయాక బాక్టీరియా నైట్రేట్‌ను, తర్వాత మాంగనీస్, ఇనుము ఆక్సైడ్లను, ఆ తర్వాత సల్ఫేట్‌ను వాడుకుంటుంది. మంచినీటి మడిలో సల్ఫేట్ స్వల్పం. సముద్రపు నీటిలో లీటరుకు 2.7 గ్రాములు. నైట్రేట్ నిండుకున్న అడుగులో ఆ సల్ఫేట్ హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది. దీని విషప్రభావం అమ్మోనియాకు విరుద్ధంగా ఉదజని సూచిక తగ్గిన కొద్దీ పెరుగుతుంది. కనుక అమ్మోనియాకు భయపడి సూచికను మరీ దించడమూ క్షేమం కాదు. నైట్రేట్‌ను చూసి ఆందోళన చెందే రైతుకు, అడుగున అది కాపలా కాస్తున్నదని చెప్పవలసి ఉంటుంది.

చెరువు గట్టు మీద చేయగలిగినవి

జియోలైట్ వాడకం నుండి మొదలుపెట్టవచ్చు, ఎందుకంటే రైతు డబ్బు వృథా అయ్యే చోట్లలో అది ఒకటి. జియోలైట్ మంచినీటిలో అమ్మోనియంను పట్టుకుంటుందన్నది నిజమే. కాని పట్టుకోవడం అయాన్ల మార్పిడి వల్ల జరుగుతుంది. ఉప్పునీటిలో ఒక్కో అమ్మోనియం అయాన్‌కు వేల సంఖ్యలో సోడియం అయాన్లు పోటీకి నిలుస్తాయి. మంచినీటి వడపోతల్లో అమ్మోనియంతో నిండిపోయిన జియోలైట్‌ను తిరిగి పనికివచ్చేలా చేయడానికి ఉప్పు ద్రావణంతోనే కడుగుతారు. ఆ కడిగే ద్రావణం వంటి నీటిలో జియోలైట్ చల్లి అమ్మోనియా తగ్గాలని ఆశించడం నేల రసాయనం చదివిన వారు సమర్థించలేనిది.

ప్రోబయోటిక్‌ల విషయంలో అంత కచ్చితంగా కొట్టివేయలేము. అయితే వాటిలో ఎక్కువగా ఉండే బాసిల్లస్ జాతులు సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టేవి. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చడం ప్రధానంగా వాటి పని కాదు. కర్బనం అందితే అవి అమ్మోనియాను తమ శరీర నిర్మాణానికి వాడుకుంటాయి. బెల్లం, మొలాసిస్ కలపడంలోని సూత్రం ఇదే. ఇజ్రాయెల్‌కు చెందిన అవ్నిమెలెక్ 1999లో ఇచ్చిన లెక్క ప్రకారం ఒక గ్రాము అమ్మోనియా నత్రజనికి 20 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఎకరా చెరువులో 1 మిల్లీగ్రాము తగ్గించడానికి దాదాపు 100 కిలోలు. ఆ పిండిపదార్థంలో సగానికి పైగా కర్బనం శ్వాసక్రియలో కాలిపోతుంది కనుక ప్రాణవాయువు ఖర్చు కూడా భారీగానే ఉంటుంది. ఏరేటర్లు చాలని చెరువులో, ముఖ్యంగా సాయంత్రం వేళ, బెల్లం నీళ్లు పోయడం తెల్లవారేసరికి రొయ్యలు నీటి పైకి తేలడానికి దారితీస్తుంది.

అన్నిటికంటే చవకైన చర్య మేత తగ్గించడం. రైతును ఒప్పించడానికి కష్టమైనదీ అదే. రోజుకు 50 కిలోల మేత వేసే చెరువుకు ఆ మేత ద్వారా 2.8 కిలోల నత్రజని చేరుతుంది. అందులో 1.8 కిలోలు నీటి పాలవుతాయి. రెండు రోజులు మేత సగానికి తగ్గిస్తే చెరువులోకి నత్రజని రాక తగ్గుతుందే గాని, అప్పటికే ఉన్నది పోదు. దాన్ని నాచు, బాక్టీరియా తీసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. చెక్ ట్రేలో మేత మిగిలినా సంచి లెక్క ప్రకారమే వేసే అలవాటు ఉన్న చోట ఎన్ని మందులు చల్లినా ప్రయోజనం ఉండదు. మబ్బులు పట్టిన రోజుల తర్వాత నాచు ఒక్కసారిగా చచ్చి నీటి రంగు తేలిపోయినప్పుడు ఈ చర్య మరింత అవసరం. ఆ రెండు మూడు రోజులు అమ్మోనియాను తీసుకునే నాచు ఉండదు సరికదా, చచ్చిన నాచే కుళ్లి అమ్మోనియానిస్తుంది.

ప్రయోగశాలలు నడిపే విస్తరణ కేంద్రాలు ఒక చెరువుకు ఒక నమూనా పద్ధతిని మార్చుకుని తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకటి కోరితే చాలు. రెండవ నమూనాకు ఉదజని సూచిక, ఉష్ణోగ్రత గట్టు మీదే కొలిపించాలి. వారానికొకసారి క్షారతను, లోతట్టు చెరువుల్లో క్లోరైడ్‌ను అదే కాగితం మీద వరుసగా రాస్తూ వస్తే, పంట రెండవ నెలలోనే క్షారత గీత కిందికి దిగడం రైతు కంటికే కనిపిస్తుంది. అప్పటికి అమ్మోనియా ఇంకా పెరిగి ఉండదు, 400 కిలోల బైకార్బొనేట్‌ను ఒక్కసారిగా కాక వారానికి 100 కిలోల చొప్పున పంచుకునే వ్యవధి ఉంటుంది.